ఆరు పెన్నీల పుస్తకము: సర్ అలెన్ లేన్ జీవిత చరిత్రము

గ్రంథాలయమున పుస్తకమును చేతబూనిన పాఠకుడు మొదట గ్రంథకర్త పేరు చూచును. ఒక్కొక్కప్పుడు ముద్రాపకుని పేరును చూచును. కాని ఆ పుస్తకము తన శక్తికి మించని వెలకు లభించుటకు కారణభూతులెవ్వరో తలచుట అరుదు. విద్యను దానము చేసినవారిని లోకము కొనియాడును. విద్యను విక్రయించినవారిని తేలికగ చూచును. ఈ రెంటికిని నడుమ మూడవ మార్గ మొకటి కలదని నిరూపించిన వర్తకు డొకడు 20వ శతాబ్దమున ఇంగ్లండు దేశమున నుండెను. మేలైన గ్రంథమును సామాన్యుని చేతికందు వెలకు విక్రయింపవచ్చుననియు, అట్లు విక్రయించియు వర్తకుడు నష్టపడకుండ నుండవచ్చుననియు, పాఠకుని గౌరవమునకు లోపము రానక్కఱలేదనియు ఆయన చేసి చూపెను. ఆయనయే సర్ అలెన్ లేన్. దక్షిణ సముద్రముల మంచు తీరములందు నివసించు, ఎగురలేని, నలుపు తెలుపు వన్నెలు గల పెంగ్విన్ పక్షిని గుర్తుగ ధరించిన చిన్న పుస్తకములు ఆయన స్థాపించిన సంస్థవే.

అలెన్ లేన్ 1902 సెప్టెంబరు 21వ తేదీన ఇంగ్లండునకు పడమటి భాగమున గల బ్రిస్టల్ రేవుపట్టణమున జన్మించెను. తండ్రి విలియమ్సు వంశమువాడు. తల్లి లేన్ వారి యాడుబిడ్డ. కావున పిల్లవానికి మొదట అలెన్ లేన్ విలియమ్సు అని పేరు. ఆయనకు రిచర్డు, జాన్ అను తమ్ములిద్దరును, నోరా యను చెల్లెలును గలరు. బ్రిస్టల్ గ్రామర్ పాఠశాలలో చదివినను చదువున పేరు గడింపలేదు. పదునారేండ్ల ప్రాయమున పాఠశాల విడిచెను. విశ్వవిద్యాలయమున కడుగుపెట్టని యీ బాలుడే పిమ్మట లక్షలాది జనులకు విశ్వవిద్యాలయపు జ్ఞానమును అంగడి బల్లపై నుంచి అందించువాడగునని ఆనాడు ఎవ్వరును ఊహింపలేదు.

తల్లివైపు బంధువైన జాన్ లేన్ లండను నగరమున బోడ్లీ హెడ్ అను గ్రంథప్రకటన సంస్థను నడుపుచుండెను. 1887లో స్థాపింపబడిన ఆ సంస్థకు ఆక్స్‌ఫర్డు నగరమున మహాగ్రంథాలయమును నెలకొల్పిన సర్ థామస్ బోడ్లీ స్మారకముగ ఆ పేరు పెట్టబడెను. జాన్ లేన్‌కు సంతానము లేదు. తన పేరు, తన వ్యాపారము నిలువవలెనను కోరికతో అలెన్‌ను పనికి పిలిచి, ఇంటిపేరు లేన్ అని మార్చుకొనవలెనని నియమము పెట్టెను. మనదేశమున దత్తపుత్రుడు ఇంటిపేరు మార్చుకొనుట వాడుక. అచ్చట దత్తత లేకయే తల్లిదండ్రులతో కూడ కుటుంబమంతయు ఇంటిపేరు మార్చుకొనెను. ఇది జరిగినది 1919లో.

యువకుడైన అలెన్ యజమాని బంధువునని గద్దెపై కూర్చుండలేదు. పుస్తకములు కట్టలు కట్టుట, వాటిని అంగళ్లకు చేర్చుట, సంచి చేతబట్టి ఊరూర పుస్తక వర్తకులను దర్శించి బేరము కుదుర్చుట మొదలగు పనులన్నియు నేర్చెను. ఏ పుస్తకము ఏ యంగడిలో ఎందులకు కదలునో, ఏది దుమ్ము కొట్టుకొని యుండునో ఆ తిరుగుళ్లలోనే గ్రహించెను. 1925లో జాన్ లేన్ మరణించెను. పిమ్మట రెండేండ్లకు ఆతని భార్యయు గతించెను. వ్యాపారభారము క్రమముగ అలెన్ భుజములపై బడెను.

ఆరంభముననే ఆయనకొక చేదు పాఠము తప్పలేదు. 1926లో ఒక రాయబారి రహస్య దినచర్య యనుచు ఒక వ్రాతప్రతి సంస్థకు వచ్చెను. అలెన్ దానిని నమ్మి ప్రకటించెను. అది కల్పితమని పత్రికలు బయటపెట్టగా పుస్తకమును వెనుకకు తీసికొనవలసి వచ్చెను. దానిని వ్రాసిన హెస్కెత్ పియర్సన్‌పై అభియోగము నడచి, కడకు అతడు నిర్దోషిగ విడువబడెను. అలెన్ మాత్రము సంస్థలోని పెద్దల యెదుట తల వంచుకొనవలసినవాడయ్యెను.

తరువాత 1930 ప్రాంతమున ప్రపంచమంతట ఆర్థికమాంద్యము వ్యాపించెను. బోడ్లీ హెడ్ అప్పులలో మునుగుచుండెను. తన చేతిలోని సంస్థ నశించుచుండగా క్రొత్తదారి వెదకక తప్పని స్థితిలో లేన్ నిలిచెను.

1934లో లేన్ తన సంస్థ తొలి గ్రంథములు ప్రకటించిన అపరాధపరిశోధక కథల రచయిత్రి అగథా క్రిస్టీని డెవన్ మండలమున దర్శించి లండనునకు మరలుచు, ఎక్సెటర్ రైలుస్టేషనులో బండికొఱకు వేచియుండెనట. చదువుకొనుటకు ఏదైన దొరకునేమోయని ప్లాటుఫారము మీది పుస్తకాల బల్లను చూడగా, అచ్చట చిల్లర పత్రికలును, హీనమైన ముద్రణతో కూడిన నవలలును దప్ప వేఱేమియు కనబడలేదట. మంచి పుస్తకము కావలసినచో గొప్ప అంగడికి బోయి గొప్ప వెల చెల్లింపవలెను. చౌకగ కావలసినచో చెత్త చదువవలెను. ఈ రెండే గతులుగ నుండుట ఏమి న్యాయమను ప్రశ్న ఆయన మనస్సున నాటుకొనెను. ఈ కథ పలుమార్లు చెప్పబడి కొంత మెఱుగు దేఱియుండవచ్చును. కాని దానిలోని ప్రశ్న మాత్రము నిజమైనది.

ఆనాటి వెలలు చూడుడు. అప్పటి ఆంగ్ల నాణెములలో 12 పెన్నీలు ఒక షిల్లింగు. 20 షిల్లింగులు ఒక పౌను. క్రొత్త నవల వెల సాధారణముగ 7 షిల్లింగుల 6 పెన్నీలు, అనగా 90 పెన్నీలు. లేన్ తలపెట్టిన వెల 6 పెన్నీలు. అనగా అందులో 15వ వంతు. పది సిగరెట్లు గల పెట్టె వెల ఆనాడంతే. అప్పటి మన రూపాయి మారకపు విలువ 18 పెన్నీలు గనుక, మన లెక్కలో అది రూపాయిలో మూడవ వంతు, అయిదణాల పైచిలుకు.

చౌక పుస్తకములు అంతకు ముందును లేకపోలేదు. ప్రాచీన గ్రంథములను తక్కువ వెలకు అచ్చువేసిన సంస్థలు ఇంగ్లండులో గలవు. జర్మనీ దేశమున 1932లో స్థాపింపబడిన ఆల్‌బట్రాస్ అను సంస్థ రంగురంగుల అట్టలతో, ఒక పక్షి పేరుతో ఆంగ్ల గ్రంథములను ప్రకటించుచుండెను. లేన్ దాని పద్ధతిని చూచి నేర్చుకొనెననుట సత్యము. ఆయన చేసిన క్రొత్తదనము వేఱు. జీవించియున్న రచయితల మేలైన గ్రంథములను, చక్కని అక్షరములతో, కంటికింపైన అట్టతో, సిగరెట్టుపెట్టె వెలకు, స్వదేశమున సామాన్యుడు తిరుగు ప్రతి చోటను లభించునట్లు చేయుట ఆయన సంకల్పము.

బోడ్లీ హెడ్ నిర్వాహకులు ఈ సంకల్పమును మెచ్చలేదు. కుక్కతోక పట్టుకొని గోదావరి ఈదుటవంటిదని వారి తలంపు. సంస్థ పేరు పుస్తకములపై వేయనిచ్చిరి గాని, నష్టభారము మాత్రము అన్నదమ్ములు ముగ్గురును తామే వహింపవలసి వచ్చెను. ముగ్గురును ఒకే యింట వసించుచు, ఉదయమున స్నానపు గదిలోనే వ్యాపారాలోచనలు చేసెడివారని ప్రసిద్ధి. తక్కిన ప్రకాశకులు తమ గ్రంథముల హక్కు నిచ్చుటకు వెనుదీసిరి. కడకు జోనథన్ కేప్ అను ప్రకాశకుడు ఆరు గ్రంథముల కంగీకరించుటచే పని నడచెను.

సంస్థకు పేరు కావలసివచ్చెను. పెంగ్విన్ అని కార్యాలయపు లేఖకురాలు సూచించెను. గంభీరముగ కనబడియు నవ్వు పుట్టించు పక్షి యది. ఎడ్వర్డు యంగ్ అను యువ ఉద్యోగిని లండను జంతుప్రదర్శనశాలకు పంపగా, అతడు పక్షులను చూచి బొమ్మ గీసికొని వచ్చెను. అట్టపై బొమ్మలు వలదని లేన్ నిశ్చయించెను. అట్టను అడ్డముగ మూడు పట్టీలుగ విభజించి, నడుమ తెల్లని పట్టీపై గ్రంథనామమును, గ్రంథకర్త నామమును ముద్రించిరి. నవలకు నారింజ రంగు, అపరాధపరిశోధక కథలకు ఆకుపచ్చ, జీవితచరిత్రలకు ముదురు నీలము. పాఠకుడు దూరమునుండియే తనకు కావలసినదానిని గుర్తింపవచ్చును.

1935 జూలై 30వ తేదీన మొదటి పది పుస్తకములు వెలువడెను. అందు ఆంగ్లకవి షెల్లీ జీవితముపై ఫ్రెంచి రచయిత ఆంద్రే మోర్వా వ్రాసిన ఏరియల్, అమెరికా రచయిత హెమింగ్వే యుద్ధనవల, అగథా క్రిస్టీ, డొరతీ సేయర్సు వ్రాసిన కథలు మొదలగునవి గలవు. ఒక్కొక్కటి 20,000 ప్రతులు అచ్చువేసిరి. లాభనష్టములు సరిపడుటకే ఒక్కొక్క పుస్తకము 17,000 ప్రతులకు పైగ అమ్ముడుపోవలెను. ఆ కాలమున నవల యేదైన అయిదారు వేల ప్రతులు పోయినచో చాలునని ప్రకాశకులు తృప్తిపడెడివారు. పుస్తకాల వర్తకులు ముందుగ వ్రాసి పంపిన కోరిక ప్రతులు అవసరమైన సంఖ్యకు సగమైనను లేవు. ఆరు పెన్నీల పుస్తకముపై తమకు మిగులున దేమియని వారి ప్రశ్న.

అట్టి సమయమున లేన్ వుల్‌వర్త్ అను గొలుసు దుకాణముల సంస్థకడ కేగెను. ఏ వస్తువునైనను ఆరు పెన్నీలకు మించని వెలకు అమ్ముట ఆ దుకాణముల నియమము. గిన్నెలు, దారపుండలు, మిఠాయి అమ్ము చోట సాహిత్యమేల యని అచ్చటి కొనుగోలు అధికారి సంశయించుచుండగా, అప్పుడే వచ్చిన ఆతని భార్య ఆ పుస్తకములను చూచి ముచ్చటపడెననియు, అంతట ఆతడు సమ్మతించెననియు చెప్పుదురు. వారు తీసికొన్న ప్రతులు 63,500. దానితో కార్యము గట్టెక్కెను. పండితుల గోష్ఠిలో కాదు, గృహిణులు సరకులు కొను దుకాణమున ఆ సాహిత్యవ్యాపారము ప్రాణము పోసికొనెను. ఒక్క సంవత్సరములో అమ్ముడుపోయినవి 30 లక్షల ప్రతులు.

1936 జనవరిలో అన్నదమ్ములు 100 పౌన్ల మూలధనముతో పెంగ్విన్ సంస్థను వేఱుగ నెలకొల్పిరి. కొలది కాలమునకే బోడ్లీ హెడ్ దివాలా స్థితికి వచ్చి ఇతరుల చేతిలోనికి బోయెను. ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన సామెత. లేన్ ఇంట ఓడి రచ్చ గెలిచెను. క్రొత్త సంస్థకు తగిన గిడ్డంగి లేదు. లండనులోని మేరిల్‌బోన్ రోడ్డునందలి హోలీ ట్రినిటీ చర్చి నేలమాళిగను అద్దెకు తీసికొనిరి. పూర్వము శవపేటికలుంచిన యా చీకటి గదులలో పుస్తకాల కట్టలు పేర్చిరి. సంతలో పిల్లలు జాఱు బల్లవంటి దానిని అమర్చి, వీధినుండి కట్టలను దానిపై లోనికి జాఱవిడిచెడివారు. 1937లో నగరమునకు పడమట హార్మండ్స్‌వర్త్ గ్రామమున పొలము కొని సొంత కట్టడము కట్టుకొనిరి. పొలములో క్యాబేజీ పంట నిలిచియుండగా, పంటకు వేఱుగ వెల చెల్లించి కొనిరని చెప్పుదురు.

ఈ విజయమును అందఱును హర్షింపలేదు. ప్రసిద్ధ రచయిత జార్జి ఆర్వెల్ ఆనాడే ఒక తర్కము చేసెను. పుస్తకములకై కొంత సొమ్ము కేటాయించుకొన్న పాఠకుడు వెల తగ్గినంతమాత్రమున ఆ సొమ్మంతయు పుస్తకములకే వెచ్చింపడనియు, మిగిలినది సినిమాకు బోవుననియు, అందువలన రచయితకును, ముద్రాపకునకును, వర్తకునకును చేటేయనియు ఆయన భయము. ఈ తర్కమును తేలికగ త్రోసివేయరాదు. ప్రతి పుస్తకముపై రచయితకు ముట్టునది నిజముగనే స్వల్పము. అయితే ఆ లెక్కలో ఒక అంకె జాఱిపోయెను. అప్పటికున్న పాఠకులను లెక్కించిరి గాని, ఇక రాబోవు పాఠకులను లెక్కింపలేదు. అంతవరకు జీవితమున ఒక్క పుస్తకమైనను కొనని గుమాస్తాలు, కార్మికులు, గృహిణులు, విద్యార్థులు పుస్తకములు కొనసాగిరి. కాలాంతరమున ఆర్వెల్ గ్రంథములే పెంగ్విన్ ముద్రణలో లక్షలాది జనుల చేతికి జేరెను.

కథలకు పాఠకులున్నారు, శాస్త్రములకు, చరిత్రకు, అర్థశాస్త్రమునకు ఉందురా? ఈ ప్రశ్నకు సమాధానముగ లేన్ 1937లో పెలికన్ అను మఱియొక గ్రంథమాలను ఆరంభించెను. బెర్నార్డు షా సామ్యవాద ధనస్వామ్యములను గూర్చి స్త్రీపాఠకుల నుద్దేశించి వ్రాసిన పెద్ద గ్రంథము అందు ప్రథమము. షా దానికి క్రొత్త అధ్యాయములు చేర్చి యిచ్చెను. ఈ మాలకు సంపాదకులలో ముఖ్యుడు మన దేశీయుడు, కళ్లికోటలో జన్మించిన వి. కె. కృష్ణమీనన్. లండనులో సెయింట్ పాంక్రాస్ పురపాలక సంఘ సభ్యుడుగ ఉచిత గ్రంథాలయముల వృద్ధికై ఆయన చేసిన కృషి ప్రసిద్ధము. ఆ సంఘము 1955లో ఆయనకు పౌరసన్మానము చేసెను. స్వతంత్ర భారతమునకు లండనులో మొదటి హైకమిషనరుగను, పిమ్మట రక్షణమంత్రిగను ఆయన పనిచేసిన సంగతి లోకవిదితము. సామాన్యునకు గంభీరగ్రంథము రుచింపదను అపోహను పెలికన్ మాల తొలగించెను. కాని లేన్‌కును మీనన్‌కును చిరకాలము పొసగలేదు. ఇరువురును పట్టుదల గలవారు. ఒకరు వేగము కోరువారు, వేఱొకరు తన పద్ధతి విడువనివారు. రెండేండ్లు నిండకమునుపే విడిపోయిరి.

1939లో యుద్ధము వచ్చెను. అంతకు రెండేండ్లు ముందునుండియే జర్మనీలో జరుగుచున్న ఘోరములను ప్రజలకు తెలుపుటకు లేన్ ప్రత్యేక గ్రంథములను ప్రకటించుచుండెను. యుద్ధకాలమున ప్రభుత్వము కాగితమును కొలతవేసి యిచ్చెను. యుద్ధమునకు ముందు ఎవరెంత వాడిరో దానినిబట్టి కొలత. అంతకు ముందు విరివిగ ముద్రించినందున పెంగ్విన్‌కు తగినంత కాగితము లభించెను. చిన్న పరిమాణము గల యా పుస్తకము సైనికుని దుస్తుల జేబులో సరిగ ఇమిడెడిది. శత్రువిమానములను గుర్తించు పద్ధతి తెలుపు పుస్తకము మొదలు కవిత్వము వఱకు సైనికులు చదివిరి. 1940లో పిల్లలకై పఫిన్ అను మాల వెలువడెను. బాంబులు పడుచున్న దినములలో పిల్లల బొమ్మల పుస్తకముల నారంభించుట ఆయన ధైర్యమునకు నిదర్శనము. ఆ యుద్ధమే ఆయనకు తీరని దుఃఖమును కూడ కలిగించెను. నౌకాదళమున జేరిన చిన్నతమ్ముడు జాన్ 1942 నవంబరులో మృతినొందెను. స్నానపు గదిలో ముగ్గురు కూడి చేసిన ఆలోచనల కాలము అంతటితో ముగిసెను. దానికి ముందేడు, 1941లో, లేన్ లెట్టిస్ ఆర్ అను వనితను వివాహమాడెను. వారికి ముగ్గురు కుమార్తెలు.

1946లో రెండు కార్యములు జరిగెను. ప్రాచీన గ్రీకు కవి హోమర్ రచించిన ఒడిస్సీ కావ్యమును ఇ. వి. రియూ అను పండితుడు సరళవచనమున అనువదించి తెచ్చెను. రెండువేల యేండ్లకు మించిన పాతకావ్యమును ఎవరు కొందురని సంస్థలోనివారే సందేహించిరి. లేన్ అంగీకరించెను. అది క్రమముగ 30 లక్షలకు పైగ అమ్ముడుపోయెను. పెంగ్విన్ క్లాసిక్స్ అను ప్రాచీన గ్రంథమాల దానితో ఆరంభమయ్యెను. పిమ్మట భగవద్గీత, ఉపనిషత్తులు మొదలగు మన గ్రంథముల ఆంగ్లానువాదములును అందు చేరెను. రెండవది: బెర్నార్డు షా 90వ జన్మదిన సందర్భమున ఆయన గ్రంథములు పదింటిని ఒక్కొక్కటి లక్ష ప్రతుల చొప్పున, మొత్తము 10 లక్షలు, ఒకేసారి ప్రకటించెను. కొలది వారములలోనే అవన్నియు చెల్లిపోయెను.

లాభము వచ్చు గ్రంథముల వలన లేన్ నష్టము వచ్చు గ్రంథములను పోషించెను. నికొలాస్ పెవ్స్నర్ అను పండితుడు ఇంగ్లండులోని ప్రతి మండలమునందలి కట్టడములను స్వయముగ చూచి వర్ణించు మాలను తలపెట్టగా, 1951 నుండి దానిని ప్రకటించెను. దానివలన ధనము రాలేదు. దేశమునకు తన యూరి కట్టడముల చరిత్ర లభించెను. 1952లో ప్రభుత్వము ఆయనకు సర్ బిరుదమిచ్చెను.

1960లో ఆయన జీవితమునందలి గొప్ప పరీక్ష వచ్చెను. డి. హెచ్. లారెన్సు 1928లో వ్రాసిన లేడీ ఛాటర్లీ ప్రణయనవల శృంగారవర్ణనల కారణముగ ఇంగ్లండులో సంపూర్ణముగ వెలువడలేదు. సాహిత్యపు విలువ గల గ్రంథమును రక్షించు క్రొత్త శాసనము 1959లో వచ్చినందున, లేన్ 2 లక్షల ప్రతులు అచ్చువేయించి సిద్ధపఱచెను. ప్రభుత్వము సంస్థపై అభియోగము తెచ్చెను. అక్టోబరు 20 నుండి నవంబరు 2 వఱకు లండను ఓల్డ్ బెయిలీ న్యాయస్థానమున విచారణ జరిగెను. గ్రంథము పక్షమున 35 మంది సాక్ష్యమిచ్చిరి. అందు ప్రొఫెసర్లు, రచయితలు, ఒక బిషప్పు గలరు. ప్రభుత్వ న్యాయవాది జూరీవారిని, తమ భార్యలును సేవకులును చదువదగిన పుస్తకమా యిది యని ప్రశ్నించెను. జూరీలో ముగ్గురు స్త్రీలే యుండిరి. ఆ ప్రశ్నలోనే వ్యవహారము బయటపడెను. ధనికుడు రహస్యముగ విదేశములనుండి తెప్పించుకొని చదివినపుడు రాని భయము, పనివాడు 3 షిల్లింగుల 6 పెన్నీలకు కొనునని తెలియగనే వచ్చెను. జూరీ సంస్థను నిర్దోషియని తీర్మానించెను. పుస్తకము వెలువడిన దినముననే ప్రతులన్నియు చెల్లెను. మన దేశమున తీర్పు వేఱుగ వచ్చెను: ఆ గ్రంథము నమ్మిన బొంబాయి వర్తకునికి పడిన శిక్షను 1964లో సుప్రీంకోర్టు స్థిరపఱచెను. ఆ గ్రంథమును గూర్చి నేటికిని భిన్నాభిప్రాయము లుండవచ్చును. కాని చదువరి తనకు తగినదేదో తాను నిర్ణయించుకొనగలడను నమ్మకముతో లేన్ తన సంస్థను పణముగ నొడ్డెననుట నిర్వివాదము.

జమ వ్రాసిన చేతితో ఖర్చును వ్రాయవలెను. 1961లో సంస్థ వాటాలను ప్రజలకు విక్రయింపగా, అమ్మకమునకు పెట్టినవాటికి సుమారు 150 రెట్లు కోరుచు దరఖాస్తులు వచ్చెను. లేన్ మహాధనికుడయ్యెను. వృద్ధాప్యము పైబడుచుండగా ఆయన స్వభావమున చిత్తచాంచల్యము హెచ్చెను. సమర్థులైన యువకులను తెచ్చి అధికారమిచ్చుట, పిమ్మట వారిని అనుమానించి తొలగించుట అలవాటయ్యెను. టోనీ గాడ్విన్ అను ప్రధాన సంపాదకుడు క్రొత్త తరమునకు నచ్చు గ్రంథములను, బొమ్మల అట్టలను ప్రవేశపెట్టెను. అవి లేన్‌కు రుచింపలేదు. 1966లో సీనే అను ఫ్రెంచి చిత్రకారుని వ్యంగ్యచిత్రముల సంపుటము సంస్థ పక్షమున వెలువడెను. అది మతమును అవమానించుచున్నదని పుస్తకవర్తకులు ఫిర్యాదు చేసిరి. తన సంస్థ నిర్వాహకవర్గము అనుమతించిన యా పుస్తకమును, లేన్ రాత్రివేళ కొందఱు తోడురాగా స్వంత గిడ్డంగిలో ప్రవేశించి, ప్రతులను తరలించి, నాశనము చేసెను. ఆరేండ్లకు ముందు న్యాయస్థానమున పుస్తకస్వాతంత్ర్యమునకై నిలిచిన మనుజుడే ఈ పని చేసెను. పాఠకుడే తీర్పరి యను తన సిద్ధాంతమును తానే మీఱెను. మఱుసటి యేడు గాడ్విన్ సంస్థను విడిచిపోయెను. లోకముతో పోరాడునపుడు నిలిచిన ధర్మబుద్ధి, తన యింటి లోపల అధికారము చేతనున్నపుడు నిలుచుట కష్టమని ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

లేన్‌కు వ్యవసాయమన్న మక్కువ. రెడింగ్ పట్టణమునకు సమీపమున పొలము కొని, పశువులను పెంచి, తీరిక దొరకినపుడెల్ల అచ్చట గడపెడివాడు. కడపటి యేండ్లలో పేగుల పుట్టకుఱుపు ఆయనను పీడించెను. 1969లో కంపానియన్ ఆఫ్ ఆనర్ అను ఉన్నత గౌరవము లభించెను. 1970 జూలై 7వ తేదీన 67వ యేట లేన్ కీర్తిశేషుడయ్యెను. అదే సంవత్సరమున సంస్థ పియర్సన్ వ్యాపారకూటమి వశమయ్యెను. 1985లో భారతదేశమున పెంగ్విన్ శాఖ ఏర్పడెను. 2013లో రాండమ్ హౌస్ అను మఱియొక మహాసంస్థతో పెంగ్విన్ కలిసెను. సంస్థ కాగితపత్రములు, లేన్ లేఖలు ఆయన జన్మించిన బ్రిస్టల్ నగరపు విశ్వవిద్యాలయమున భద్రపఱుపబడినవి.

లేన్ పండితుడు కాడు, త్యాగియు కాడు. ఆయన వర్తకుడు; లాభమును కోరెను, పొందెను. అయినను ఆయన వర్తకమునకు మూలధనము ఆ 100 పౌన్లు కావు. సామాన్యుడు బీదవాడగుటచే మందబుద్ధి కాడనియు, వాని జేబునకు తగిన వెల పెట్టినచో వాని బుద్ధికి తగిన గ్రంథమును తానే యెన్నుకొనుననియు గల నమ్మకమే ఆ మూలధనము. వెల తగ్గించుచు గుణమును కూడ తగ్గించువారు అనేకులు. వెల తగ్గించి గుణమును నిలిపినవాడు అరుదు.

ఆయన పుస్తకమును 15వ వంతు వెలకు దింపెను. గ్రామ గ్రంథాలయము ఆ వెలను కూడ చదువరిపై మోపక, ఒక్క ప్రతిని ఊరంతటికిని సరిపుచ్చుచున్నది. కావున గ్రంథములను ఏఱి తెచ్చువారికి లేన్ చరిత్రము ఒక్క మాట జ్ఞాపకము చేయును: పొలమునుండి వచ్చి బీరువా యెదుట నిలుచు చదువరికి ఇది చాలునులే యని తక్కువదానిని అందింపరాదు. వాని చేతికి అందవలసినది మేలైనదే.